మొదటి వరుసలో పేరు

వెదురుబద్దను మడత మీద ఒక్కసారి బలంగా లాగి, ఆ పత్రికను ఎడమవైపు కట్ట మీద పెట్టి, కుడివైపు నుంచి ఇంకొకటి అందుకుంది వసంతమ్మ. చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. కళ్లు మాత్రం గోడ గడియారం వైపుకూ, దాని కింద ఓనరు బల్ల మీద ఉన్న టెలిఫోను వైపుకూ తిరుగుతున్నాయి.

మోగకుండా ఉంటే చాలు. పొద్దున తొమ్మిది నుంచి ఆమె అనుకుంటున్నది అదొక్కటే. శుక్రవారం దాకా మోగకుండా ఉంటే చాలు. ఆ రోజు బుధవారం.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందులో రెండు గదుల ప్రెస్సు అది. ముందు గదిలో ఓనరు బల్ల, శివకాశి నుంచి వచ్చిన పత్రికల అట్టపెట్టెలు. వెనక గదిలో సీసపు అక్షరాల అరలు, కాలితో తొక్కే మిషను. రెండింటి మధ్య గుమ్మం పక్కన, కిటికీ వెలుతురు పడేచోట ఒక చాప. ఆ చాప మీద పదకొండేళ్లుగా వసంతమ్మ కూర్చుంటోంది. పత్రికలు మడవడం, మూలలకు పసుపు పెట్టడం, బిల్లుబుక్కులు కుట్టడం, సాయంత్రం కాగితం ముక్కలు ఊడ్చి గోతంలోకి ఎత్తడం ఆమె పని. పసుపు పట్టిన కుడిచేతి ఉంగరం వేలి గోరు ఏ పండగకూ తెల్లబడదు. సన్నని మనిషి, నలభై ఆరేళ్లకే కణతల దగ్గర నెరిసింది. కూర్చుని కూర్చుని ఎడమ భుజం కాస్త వంగిపోయింది.

ఐదో తరగతితో బడి మానేసినా, చదవడం బాగా వచ్చింది ఇక్కడే, పెళ్లిపత్రికలు చూసి చూసి. అందుకే ఆమె రాసే ఉత్తరాలు కూడా పత్రికల్లాగే ఉండేవి. ఒకసారి వడమాలపేటలో ఉన్న తన తమ్ముడికి దగ్గుమందు పంపమని రాస్తూ, "తామెల్లరు సకుటుంబ సపరివారంగా" అని మొదలుపెట్టింది. వాడు ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతాడు.

భయం ఆమెకు ఊపిరితో పాటే పుట్టింది. మొగుడు చెంగయ్య సత్రంలో వాచ్‌మెన్ డ్యూటీ దిగి ఇంటికి రావడం అరగంట ఆలస్యమైతే ఆమె మనసు ఆస్పత్రి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేది. కొత్త కట్ట ఒళ్లోకి తీసుకున్నప్పుడల్లా పైపత్రికలో తేదీ చూసి, ఆ రోజు దాకా ఆ రెండిళ్లలో ఎవరికీ ఏమీ కాకూడదని దండం పెట్టుకునేది. దానికి కారణముంది. ఏడాదికి రెండు మూడు కట్టలు ఎవరూ తీసుకుపోనివి మిగిలిపోతాయి. ఎవరో పోయుంటారు, లేదా మాటలు తేడా వచ్చి ఉంటాయి. వాటి వెనకవైపు తెల్లగా ఉంటుంది గనక ఓనరు ముక్కలు కోయించి చిత్తుపుస్తకాలు కుట్టిస్తాడు. కుట్టేది వసంతమ్మే. సూది దిగేచోట ఒక్కోసారి సరిగ్గా ఆ పెళ్లికూతురి పేరు ఉండేది. అప్పుడు సూదిని కొంచెం పక్కకు జరిపేది.

ఇప్పుడు ఆమె కూతురి పత్రిక వంతు వచ్చింది.

నిర్మల పాలకేంద్రం ఆఫీసులో గుమాస్తా. అక్కడే పనిచేసిన బాలసుబ్రమణ్యాన్ని పలమనేరుకు మార్చాక, ఇద్దరూ పెళ్లిమాట ఇళ్లల్లో చెప్పారు. చెంగయ్య ఒప్పుకున్నాడు. అబ్బాయి తల్లి తిరుమలమ్మకు మాత్రం తన అన్న కూతుర్ని చేసుకోవాలని ఉండేది. అయినా కొడుకు మొండితనం చూసి సరేననింది. ఎండాకాలంలో ముహూర్తం అనుకున్నారు. ఈలోగా కార్వేటినగరంలో చెంగయ్య అన్న మునిరామయ్య మంచం పట్టాడు. పదిహేను రోజులుగా గంజి కూడా సరిగ్గా దిగడం లేదు.

అన్నదమ్ముల్లో చావు జరిగితే పదకొండు రోజులు మైల, ఆపైన ఏడాది దాకా ఆ ఇంట శుభం లేదు. తిరుమలమ్మ ఏడాది ఆగదు. "ఇప్పుడైతే సరే, లేదంటే మా అన్న కూతురు ఉండనే ఉండాది," అని మనిషి ఎదురుగానే చెప్పింది. అందుకే ఉన్నఫళాన ఈ శుక్రవారం పెట్టుకున్నారు. కొండమీద పదిమంది ముందర తాళి, దిగివచ్చి చెంగయ్య పనిచేసే సత్రంలోనే భోజనం. మేళం వద్దు, పందిరి వద్దు, సాదాగా కానిచ్చేద్దామని బాలసుబ్రమణ్యం అన్నాడు. ఆ మాట వసంతమ్మకు ఒకపక్క ఊరట, ఒకపక్క గుబులు. నిన్న కుళాయి దగ్గర ఎదురింటి సుబ్బులమ్మ, "ఏం వసంతమ్మా, మాఘమాసంలో ఇంత తొందరేమొచ్చె," అని అడుగుతూ నిర్మల నడుం వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు రాత్రంతా గుచ్చుకుంటూనే ఉంది.

"మ్యాటరు యాడమ్మా?" వెనక గదిలోంచి కంపోజిటరు దామోదరం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. వేళ్ల కొసలు సీసంతో నల్లబడి ఉంటాయి, చెవి వెనక పెన్సిలు. "నాలుక్కు మిషనెక్కించాల. అరవై పత్రికలే కదా అని నువ్వు సాగదీస్తే, సాయంత్రం కరెంటు పొయ్యి చీకట్లో కూర్చోవాల."

వసంతమ్మ నడుం దగ్గర దోపుకున్న రెండు కాగితాలు తీసి ఇచ్చింది. మొదటిది చెంగయ్య రాసింది. పెద్ద పెద్ద అక్షరాలు, ప్రతి వరుసా కుడివైపుకు జారిపోతూ ఉంది. కార్వేటినగరం వాస్తవ్యులు మునిరామయ్య నమస్కరించి వ్రాయునది, నా తమ్ముడు చెంగయ్య కుమార్తె చిరంజీవి సౌభాగ్యవతి నిర్మలను, అని సాగుతుంది. రెండోది నిర్మలది. దామోదరం దాన్ని పైకే చదివాడు.

"'మేమిద్దరం శుక్రవారం కొండమీద పెళ్లి చేసుకుంటున్నాం. దిగివచ్చి అందరితో కలిసి భోంచేయాలని ఉంది. రండి. కానుకలు తేవద్దు.' ఇదేంది తల్లా, మ్యాట్నీకి పోతా ఉండాం, మీరూ వస్తారా అన్నెట్టుండాది."

"నవ్వొద్దన్నా."

"నవ్వలేదమ్మా. సదవను బాగుండాది. పిలిసేదెవరో తెలీదు, అంతే. పెద్దోళ్లు లేని పిల్ల అనుకుంటారు."

వసంతమ్మ బద్ద పక్కన పెట్టింది. "అన్నా, మా ఆయన కాగితంలో పైన మా బావ పేరుండాది. అది లేకుండా ఆడించలేవా?"

"మీ ఇంట్లో పత్రికలన్నీ ఆయన పేరుతోనే కదా పొయ్యేది."

"పొయ్యేది. ఆయనకిప్పుడు బాగలేదు. పేరు అచ్చేసినాక శుక్రారం లోపల ఏమన్నా అయితే..."

"పేరు వెయ్యకపోతే ఏమీ కాదంటావా?"

సీసంలో పేరు కూర్చితే చాలు, పై నుంచి ఎవరో ఆ పేరు చదివేస్తారని ఆమె భయం. ఆ మాట దామోదరానికి చెప్తే మళ్లీ నవ్వుతాడు.

"సరే, మధ్యాన్నానికి చెప్పు. ముందు కార్డు ఏదో తేల్చు," అని అతను నిర్మల కాగితం తిరిగిచ్చి, నమూనాల పుస్తకం ఆమె ఒళ్లో పెట్టి వెళ్లాడు.

పదకొండేళ్లుగా పక్కవాళ్లు ఎంచుకోవడం చూసింది. తనే ఎంచుకోవడం ఇదే మొదలు. ఏనుగులు దండ పట్టుకున్నది మొదట బాగుందనిపించింది. తర్వాత చూస్తే ఒక ఏనుగు కన్ను మూసుకుని ఉంది. దీపం బొమ్మ ఉన్నది తిప్పేసింది, దీపమన్నాక ఆరిపోతుంది. పట్టుకున్న రెండు చేతుల బొమ్మ ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఆ చేతులు మణికట్టు దగ్గరే ఆగిపోయి ఉన్నాయి, పైన మనుషులు లేరు. అది చూడగానే ఆమె పేజీ దాటేసింది. చివరికి పసుపురంగు అంచుతో, పైన చిన్న కలశం తప్ప ఇంకేమీ లేనిది తీసి పక్కన పెట్టింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

పేరు సంగతే తేలలేదు. 

మునిరామయ్యకు పిల్లలు లేరు. అమ్మానాయన ఒకే ఏడాది పోతే, ఎనిమిదేళ్ల చెంగయ్యను పెంచింది ఆయనే. నిర్మలకు మూడేళ్లప్పుడు కార్వేటినగరంలో ఉండగా వాంతులు, బేదులు పట్టుకున్నాయి. బస్సు లేదు. మునిరామయ్య పాపను భుజాన వేసుకుని పుత్తూరు ఆస్పత్రికి నడిచాడు. వెనక వసంతమ్మ ఏడుస్తూ పరుగెత్తుతుంటే, దారి పొడుగునా ఆయన ఒకటే మాట అన్నాడు. "ఏడవొద్దు మ్మా, పాప లేస్తాది." పాప బతుకుతుందని గాని, బతకదని గాని అనలేదు. నిద్ర చెడుతుందని మాత్రమే అన్నాడు. ఆమె భయానికి సరిపోయే మాట పుట్టి బుద్ధెరిగాక విన్నది అదొక్కటే.

అట్లాంటి మనిషి దగ్గరికి చెంగయ్యను నిన్న పోనివ్వలేదు తను. చొక్కా తొడుక్కుని బయలుదేరిన మనిషి ముందు గుమ్మంలో నిలబడింది. ఆయనకేమన్నా అయ్యేటప్పుడు నువ్వక్కడుంటే పెళ్లి ఆగిపోతుంది, పాప మీద ఆన, అనింది. చావుకబురు చెవిన పడినప్పటి నుంచే మైల, పడకపోతే లేదు. చెంగయ్య చొక్కా విప్పాడు. "రేపు సాయంత్రం పోతా. మొదటి పత్రిక అన్న చేతిలో పెట్టాల. దానికి మాత్రం అడ్డం రావొద్దు," అన్నాడు.

పదకొండు గంటలకు ఆమె లేచి వెనక గది గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"మా బావ పేరే పైన వెయ్యన్నా. పెద్ద అచ్చరాల్తో వెయ్యి."

దామోదరం తల ఊపాడు. చెక్క అరల్లోంచి అక్షరాలు ఒక్కొక్కటే ఏరి ఇనప పట్టీలో పేర్చడం మొదలుపెట్టాడు. టిక్కు టిక్కుమనే ఆ చప్పుడు ఆమెకు రోజూ అలవాటే. ఆ పూట మాత్రం చాప దగ్గరికి వచ్చాక కూడా వింటూ కూర్చుంది.

ఒంటిగంటకు ఓనరు భోజనానికి వెళ్లాడు. దామోదరం అన్నం తిని మిషను వెనక తుండు పరుచుకున్నాడు. వసంతమ్మ క్యారియరులో సద్ది కలుపుకుని రెండు ముద్దలు తిన్నదో లేదో, టెలిఫోను మోగింది.

మూడుసార్లు మోగేదాకా లేవలేదు. ఎవరో బిల్లుబుక్కుల కోసం అయ్యుండొచ్చు. నాలుగోసారికి ఎడమచేత్తో తీసింది. ముందు గరగరమని చప్పుడు, ఎక్స్ఛేంజిలో ఎవరో కార్వేటినగరం అనడం, తర్వాత దూరంగా తోడికోడలు కుప్పమ్మ గొంతు.

"వసంతా, నువ్వేనా?"

"నేనే అక్కా."

"పక్కన ఎవురన్నా ఉండారా?"

"లేరు."

"మీ బావ పొద్దన్నే పొయినాడు మ్మా. నేను కాఫీ నీళ్లు పెట్టేసరికి లేడు."

వసంతమ్మ అన్నం అంటిన కుడిచేతిని గాలిలో అట్లాగే పట్టుకుని నిలబడింది. ఎన్నో ఏళ్లుగా ఎన్నోసార్లు ఊహించుకున్న కబురు ఇది.

"విను మ్మే," కుప్పమ్మ గొంతు తడిగా లేదు, బొంగురుగా ఉంది. "చెంగయ్యకు చెప్పొద్దు. ఇది నా మాట కాదు, మొన్న ఆయనే చెప్పి పొయినాడు. నేను పోతే పాప మెడలో తాళి పడిందాకా తమ్ముడికి తెలీకూడదన్నాడు. పొద్దు గూకేలోపల ఎత్తేస్తారు. మా తమ్ముని కొడుకు చిన్నబ్బ నిప్పు పెడతాడు. నువ్వు గూడా నేను చెప్పలేదనుకో."

"మరి నాకెందుకు చెప్పినావక్కా?"

"మావాళ్లకు ఎవురో ఒకరికి తెలియాలనిపించింది," అనింది కుప్పమ్మ. ఆపైన లైను తెగిపోయింది.

వసంతమ్మ చెయ్యి కడుక్కుని, క్యారియరు మూత పెట్టి, చాప మీద కూర్చుంది. ఎవరిదో నిశ్చితార్థం పత్రికల కట్ట ఒళ్లోకి తీసుకుంది. వేలు పసుపుగిన్నె దాకా వెళ్లి ఆగిపోయింది. విన్న మనిషి తను. ఇంకొకరింటి శుభానికి ఆ చేత్తో పసుపు ఎట్లా పెట్టడం? కట్టను దించి, కుట్టాల్సిన బిల్లుబుక్కులు ముందుకు లాక్కుంది.

చెప్పకపోతే ఏమవుతుంది? శుక్రవారం తాళి పడుతుంది. పోయినాయనే చెప్పొద్దన్నాడు. ఆయన భార్యే చెప్పొద్దనింది. ఇంత తేలికగా దారి ఇచ్చి పోయినవాళ్లను ఎక్కడా చూడలేదు. నాలుగున్నర బస్సుకు చెంగయ్య బయలుదేరకుండా ఆపితే చాలు. ఈ పొద్దు వద్దు, రేపు పొద్దున పో అనాలి. రేపు ఇంకేదో అనాలి. రెండు రోజులే కదా.

చెబితే? చెంగయ్య పోయి నిప్పు పెడతాడు. పదకొండో రోజు దాకా కదలకూడదు. కూతురి పెళ్లి చూడలేడు. లేదా పెళ్లే వద్దంటాడు. తిరుమలమ్మ తన అన్న ఇంటికి కబురు పెడుతుంది. నిర్మల పైకి ఏమీ అనదు. ఆఫీసుకు పోయి వస్తూ ఉంటుంది. అదే ఎక్కువ భయం.

సూది వేలికి గుచ్చుకుంది. చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది.

పెంచిన చేతులకు చివరిసారి నీళ్లు పోయడానికి కూడా లేకుండా చేసిన ఆడదాన్ని ఆ మనిషి ఎప్పుడైనా క్షమిస్తాడా? తిట్టడు. నిన్న విప్పినట్టే చొక్కా విప్పి ఒక మూల కూర్చుంటాడు. బతికినన్నాళ్లూ అట్లా కూర్చునే ఉంటాడు.

గడియారం రెండున్నర. మూడు. దామోదరం లేచి మొహం కడుక్కుని, అచ్చు దిమ్మ బిగించి, రోలరుతో సిరా పూసి ప్రూఫు తీశాడు. తడి కాగితాన్ని రెండు కొసలు పట్టుకుని తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "సూసుకో. పేర్లు ముక్యం."

ఆమె వేలు పెట్టి వరుస వరుసా చదివింది. తప్పులు లేవు. మొదటి వరుసలో మునిరామయ్య పేరు నల్లగా, నిండుగా, అందరికంటే పెద్దగా ఉంది.

"ఏమన్నా మార్చాల్నా?"

"మా ఆయన రానీ అన్నా. ఆయన సూసినాక ఎక్కిద్దాం."

"అట్ల మొహం పెట్టుకోనుండావేందమ్మా? పెండ్లికూతురి తల్లివి."

ఆమె బిల్లుబుక్కు వైపు వంగిపోయింది.

నాలుగుకు పది నిమిషాలుండగా చెంగయ్య వచ్చాడు. తలకు నూనె రాసి దువ్వుకున్నాడు. ఉతికిన తెల్లచొక్కా, భుజాన సంచి. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వస్తూనే, "అయిపోయినాయా?" అన్నాడు.

"ప్రూఫు సూడు," అని దామోదరం కాగితం అందించాడు.

చెంగయ్య దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఆయన మొహం మెల్లగా విప్పారింది. సంచిలోంచి గుడ్డలో చుట్టిన కళ్లజోడు తీశాడు. ఒక కాడకు కొత్త స్క్రూ మెరుస్తోంది. "అన్నది. పోయినసారి ఇరిగిపొయ్యుంటే బాగుచేయిస్తానని తెచ్చినా. ఈపొద్దిచ్చినాడు అద్దాలాయన." దాన్ని తన ముక్కు మీద పెట్టుకుని, పత్రికను కొంచెం దూరం పట్టుకుని, మొదటి వరుస పైకి చదివాడు. "ఇంక తడుముకోకుండా సదువుతాడు. తన పేరు తాను సదువుకుంటే లేచి కూర్చుంటాడు సూడు, నీ భయం గూడా పోతాది."

వసంతమ్మ నోట్లో అబద్ధం సిద్ధంగా ఉంది. మధ్యాహ్నం నుంచి పదిసార్లు లోపల అనుకుని అలవాటు చేసుకుంది. ఈపొద్దు వద్దు, రేపు పో.

"ఇదో, ఒక్కసారి బయటికి రా," అనింది.

ప్రెస్సు పక్కగోడకు నీళ్లకుండ పెట్టే గూడు ఉంది. ఆ నీడలో ఇద్దరూ నిలబడ్డారు. చెంగయ్య కళ్లజోడు ఇంకా తీయలేదు. ఆ అద్దాల వెనక ఆయన కళ్లు పెద్దవిగా, చిన్నపిల్లవాడివిలా కనిపించాయి.

"మీ అన్న పొద్దన పొయినాడంట. అక్క ఫోన్ చేసింది. నీకు చెప్పొద్దనింది."

చెంగయ్య కళ్లజోడు తీసి, కాడలు ఒకదాని మీద ఒకటి మడిచి, గుడ్డలో చుట్టాడు. సందులో సైకిలు ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది.

"ఎత్తినారా?"

"పొద్దు గూకేలోపల అంట. చిన్నబ్బ నిప్పు పెడతాడంట."

"చిన్నబ్బా?" అన్నాడు. ఆ పేరు ఎప్పుడూ విననట్టు.

"నిన్న నిన్ను పోనీయలేదు నేను."

ఆయన ఆమె వైపు చూడలేదు. గోడకు ఆనుకున్నాడు. "నాలుగున్నర బస్సు పుత్తూరు మీద పోతే ఆరుకంతా దిగొచ్చు," అన్నాడు. అడుగుతున్నట్టు లేదు, చెప్తున్నట్టూ లేదు.

"పోయినావంటే రాలేవు. పెండ్లి..."

"పెండ్లి ఆపొద్దు. కన్యాదానం పీట మీద నీ తమ్ముడు, మరదలు కూర్చుంటారు, కబురు పంపు. పాపతో, పెదనాయనకు శానా కష్టంగా ఉండాది, నాయన దగ్గరుండి సూసుకుంటా ఉండాడని చెప్పు. పాప చెవిన పడనీయొద్దు." కళ్లజోడు చుట్టిన గుడ్డను సంచిలో పెట్టుకున్నాడు. "పత్రికలో అన్న పేరు తీసెయ్యమను. నిప్పు పట్టే చెయ్యి నాది, నా పేరూ తీసెయ్యమను."

"అప్పుడు ఎవరి పేరేసేది?"

"నువ్వుండావు కదా."

"నేను గూడా ఇన్నాను కదయ్యా. కొండెక్కకూడదు నేను."

చెంగయ్య అప్పుడు ఆమె మొహంలోకి చూశాడు. "ఇన్నావని అక్కకు, నాకు, నీకే తెలుసు. నేనెవరికీ చెప్పను," అన్నాడు. గుమ్మం దగ్గరికి పోయి చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. సంచిని భుజం మీద సరిచేసుకుని, సందు చివర బస్టాండు వైపు తిరిగాడు. పరుగు లాంటి నడక. తెల్లచొక్కా వీపు మీద అప్పటికే చెమట పట్టింది. వెనక్కు చూడలేదు. ఆమె పిలవలేదు.

లోపలికి వచ్చేసరికి దామోదరం అచ్చు దిమ్మ ముందు చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. కిటికీ తెరిచే ఉంది.

"అన్నా, నీకు వినపడిందా?"

"మిషను బిగిస్తా ఉండినానమ్మా. ఏమీ వినలేదు," అన్నాడు. బిగించడం అయిపోయి గంటయింది. "ఏం మార్చాలో చెప్పు."

"పైన రెండు పేర్లూ తీసెయ్."

అతను దిమ్మను రాతిబల్ల మీదికి దించి, కీలు వదులు చేశాడు. "తీసినాక పైన ఖాళీగా ఉండకూడదు. ఏమి కూర్చేది?"

పదకొండేళ్లలో వేలకు వేల పత్రికలు ఆమె చేతుల మీదుగా పోయాయి. ఆ మాటలన్నీ కంఠతా వచ్చు. వాటిలో ఏ ఒక్కటీ ఇప్పుడు నోటికి రాలేదు. చాప మీద మడిచి పెట్టిన నిర్మల కాగితం విప్పి చూసి, కిటికీ వైపు తిరిగి చెప్పింది.

"వసంతమ్మ పిలుస్తోంది అని వెయ్యి. మా నిర్మలా, పలమనేరు బాలసుబ్రమణ్యం శుక్రవారం కొండమీద పెళ్లి చేసుకుంటున్నారు. దిగివచ్చినాక అందరం కలిసి భోంచేద్దాం. తప్పక రండి. అంతే."

"నమస్కరించి వ్రాయునది వద్దా?"

"వద్దు. ఉండేది నేనొక్కదాన్నే. పిలుస్తోంది అని వెయ్యి."

అతను కూర్చాడు. ఐదు గంటలకు మిషను తొక్కడం మొదలుపెట్టాడు. అరవై పత్రికలు ఎంతసేపు? సిరా ఆరగానే ఆమె బద్ద తీసుకుని మడవడం మొదలుపెట్టింది. ఒక్క మడత కూడా వంకర పోలేదు. కిటికీలో వెలుతురు పసుపు పచ్చగా మారి, చాప అంచు దాకా వచ్చి, గోడ ఎక్కడం మొదలుపెట్టింది. గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ఆరు దాటింది. బస్సు చేరి ఉంటుంది. చేరి ఉండాలి.

మడతలు అయ్యాక పసుపుగిన్నెను దామోదరం వైపు జరిపింది.

"నువ్వు పెట్టన్నా."

"నాకెందుకమ్మా ఈ పనులు? మేము చర్చికి పొయ్యేవాళ్లం."

"నువ్వు ఏమీ వినలేదన్నావు కదా. వినని చెయ్యే కావాల."

అతను చేతులు కిరసనాయిలుతో కడిగి, సబ్బుతో కడిగి, తుండుకు తుడుచుకుని వచ్చి చాపకు అవతలివైపు కూర్చున్నాడు. బొటనవేలు పసుపులో ముంచి, ఎంత అద్దాలో తెలియక, మొదటి మూలలో ఎక్కువ పెట్టాడు. ఆమె తల ఊపింది. ఆమె ఒక్కొక్క పత్రికా విప్పి పట్టుకుంది, అతను నాలుగు మూలలా పెట్టుకుంటూ పోయాడు. ఎంత కడిగినా పోని సీసపు నలుపు, ప్రతి పసుపుచుక్క అంచునా సన్నగా దిగింది. ఇంకో రోజైతే ఆమె ఆ నలుపు చూసి పత్రిక పక్కన పడేసేది.

అరవై పత్రికలనూ కొత్తగుడ్డలో మూటగట్టుకుని లేచింది. ఇంటికి పోయి నిర్మలకు అబద్ధం చెప్పాలి. తమ్ముడికి కబురు పంపాలి. కుళాయి దగ్గర సుబ్బులమ్మకు మొదటి పత్రిక ఇవ్వాలి. కాగితం ముక్కలు ఊడ్చి గోతంలోకి ఎత్తింది. గుమ్మం దాటేటప్పుడు రోజూలాగే టెలిఫోను వైపు చూడబోయి, చూడకుండానే చెప్పులు తొడుక్కుంది.

దామోదరం వెనక గదిలో కాసేపు ఉన్నాడు. దిమ్మ విప్పి, ఆనాటి అక్షరాలు ఏ అరవి ఆ అరలో వేశాడు. చెంగయ్య పేరును కూడా విడదీసి సర్దాడు. కిటికీ మూసి, లైటు తీసి, బయటి తలుపుకు తాళం వేశాడు. రాతిబల్ల మీద, దారంతో చుట్టి విడిగా పెట్టిన పెద్ద అక్షరాల వరుస ఒక్కటి మిగిలింది. ఇంకా సిరా తడి ఆరని ఆ సీసంలో మునిరామయ్య పేరు కుడి నుంచి ఎడమకు, అద్దంలో కనబడినట్టు.